గాలిమర జనరేటర్ల తులనాత్మక పరిశోధన: ఇచ్చోడ నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

భారీ గాలిమరల జనరేటర్లను గురించిన పరిశోధనలో హెంక్ పోలిండర్, ఆయన సహరచయితలు 2006లో ఐఈఈఈ పత్రికలో ప్రకటించిన తులనాత్మక వ్యాసానికి ముఖ్యస్థానం ఉంది. 3 మెగావాట్ల గాలిమరకు తగిన ఐదు జనరేటర్ వ్యవస్థలను ఆ వ్యాసం ఒకే త్రాసులో తూచింది. గేర్‌బాక్స్ లేని శాశ్వత అయస్కాంత జనరేటర్ అత్యధిక విద్యుత్తునిస్తుందనీ, వచ్చిన విద్యుత్తును వ్యయంతో భాగించి చూస్తే ఒకే అంచె గేర్‌బాక్స్ గల డబ్లీ ఫెడ్ ఇండక్షన్ జనరేటర్ మేలనీ తేల్చింది. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ వంటి ప్రాంతానికి ఈ తీర్పు ఎంతవరకు వర్తిస్తుందన్నది ఇక్కడి పరిశీలనాంశం.

2. పరిశోధనలోని బలం

సామర్థ్యాన్ని మాత్రమే చూసి యంత్రాన్ని మెచ్చుకోకుండా, ధరను మాత్రమే చూసి తోసిపుచ్చకుండా, రెండింటినీ ఒకే నిష్పత్తిలోకి తేవడం ఈ వ్యాసం సాధించిన మేలు. డబ్లీ ఫెడ్ వ్యవస్థలో కన్వర్టర్ గుండా సాగేది మొత్తం శక్తిలో దాదాపు మూడో వంతే. ఆ వ్యవస్థ చౌకగా రావడానికి ఇదొక ప్రధాన కారణం.

3. గాలి, చక్రం, టార్క్

గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. వేగం 20 శాతం తగ్గితే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. కనుక మందగాలి ప్రాంతాల్లో అదే సామర్థ్యానికి చక్రాన్ని పెద్దది చేయవలసి వస్తుంది. 90 మీటర్ల చక్రం నిమిషానికి 15 చుట్లు తిరిగితే రెక్క కొస వేగం సెకనుకు దాదాపు 71 మీటర్లు. ఆ వేగాన్ని మార్చకుండా చక్రాన్ని 135 మీటర్లకు పెంచితే చుట్లు 10కి తగ్గుతాయి. అదే 3 మెగావాట్లకు టార్క్ ఒకటిన్నర రెట్లవుతుంది. జనరేటర్ పరిమాణాన్ని నిర్ణయించేది ప్రధానంగా టార్కే కాబట్టి గేర్‌బాక్స్ లేని యంత్రానికి రాగి, ఇనుము, అయస్కాంతం అన్నీ ఎక్కువ కావాలి.

మరోవైపు, మందగాలిలో గేర్‌బాక్స్ నష్టాలు శక్తితోపాటు అదే మేరకు తగ్గవు. అందువల్ల గేర్‌బాక్స్ లేని యంత్రానికి లాభమూ పెరుగుతుంది, భారమూ పెరుగుతుంది. ఏది మిన్న అన్నది కొత్తగా లెక్కగట్టవలసిన విషయం.

ఎత్తు ఈ చిక్కును మరింత బిగిస్తుంది. జాతీయ పవనశక్తి సంస్థ అంచనా ప్రకారం తెలంగాణ పవన సామర్థ్యం 100 మీటర్ల ఎత్తున 4,244 మెగావాట్లు, 120 మీటర్ల ఎత్తున 24,833 మెగావాట్లు. ఇక్కడి గాలి ఎత్తులో ఉంది. ఎత్తైన స్తంభంపై ప్రతి టన్ను బరువూ ఖర్చే.

4. త్రాసుకెక్కని వ్యయాలు

ఆ నిష్పత్తిలో లెక్కకు వచ్చేది నిర్మాణ వ్యయం. నిర్వహణ వ్యయం కాదు. ఇచ్చోడ 44వ జాతీయ రహదారి మీదనే ఉన్నా, రహదారి దిగితే నల్లరేగడి చేలు. వానాకాలంలో గేర్‌బాక్స్ చెడితే భారీ క్రేన్ ఆ నేలలోకి దిగడం కష్టం. యంత్రం ఆగిన రోజులు కూడా వ్యయమే. అట్లాగే 2010లో చైనా ఎగుమతులను కుదించిన తరువాత అరుదైన మృత్తికా లోహాల ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. 2006 నాటి అయస్కాంతం ధర ఆ ఒడుదొడుకులను ఎరుగదు.

5. ముగింపు

పోలిండర్ బృందం ఇచ్చిన పద్ధతి నిలిచేది. దాని ఫలితాల వరుస మాత్రం తాను ఎంచుకున్న గాలికి, చక్రానికి, ధరలకు కట్టుబడినది. పద్ధతిని విడిచి ఫలితాన్ని మాత్రమే ఉదాహరించే పరిశోధన, ఒక చోటి గాలిని మరొక చోటికి ఆపాదిస్తుంది. తెలంగాణకు కావలసింది ఐదు వ్యవస్థలనూ స్థానిక గాలి, స్తంభం ఎత్తు, మరమ్మతు కాలంతో తిరిగి తూచే అధ్యయనం.