ఎర కట్టు విద్య

సముద్రతీరమున గాలము వేసి కూర్చుండు వినోదమున కలవాటుపడినవారు కర్రను గూర్చియు, తంగూసు మందమును గూర్చియు, దానిని చుట్టు రీలు గుణదోషములను గూర్చియు గంటలకొలది ముచ్చటింతురు గాని, ఆ తంగూసు చివర ముల్లును మరుగుపరచుచు వ్రేలాడు బొటనవ్రేలంత ఎరను గూర్చి యెవరైన ప్రశ్నించినచో మాత్రము మాట దాటవేయుదురు. ఒకరికి ఇంగువయందు గురి; ఒకరికి సోంపునందు; వెల్లుల్లి లేనిదే చేప యొడ్డువైపు చూడనే చూడదని శపథము చేయువారును కలరు. చెరువులలోని బొచ్చెలకును శీలావతులకును ఈ ద్రవ్యములు కొంత పనికివచ్చునేమో గాని, ఉప్పునీట వీని ప్రతాపము వానిని నమ్మినవారి మనస్సులలోనే యెక్కువగా నుండునని నా యభిప్రాయము. భీమునిపట్నమున గోస్తని సముద్రముతో కలియు మొగ మొదలు కాకినాడ ప్రాంతపు టుప్పుటేరుల వరకు, గాలము వేయువానికి చేపను వశపరచునవి మూడే: తాజా సరకు, కళ్ళుప్పు, నూలుదారము. మొదటిది చేపలరేవునను, తక్కిన రెండును కిరాణాకొట్టునను చవుకగా దొరకుటచేత కాబోలు, వీనికి రహస్యవిద్య యన్న గౌరవము దక్కలేదు.

ఎర సిద్ధపరచుట వట్టి చేతిపనియే గాని గ్రంథస్థము చేయదగిన విషయము కాదని తలచువారికి కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుని పేరు జ్ఞాపకము చేయవలసియున్నది. 1126 ప్రాంతమున సింహాసన మెక్కి పండ్రెండేండ్లు రాజ్యమేలిన యీ భూలోకమల్లుడు 'మానసోల్లాస' మను సంస్కృతగ్రంథమును రచించెను. 'అభిలషితార్థచింతామణి' యని దానికే నామాంతరము. ఒక్కొక్కట నిరువదేసి యధ్యాయములు గల యైదు వింశతులుగా విభక్తమైన యా మహాగ్రంథమున, రాజునకు దగిన వినోదములను వర్ణించు నాలవ వింశతిలో, మత్స్యవినోద మొక యధ్యాయము. సముద్రమున దిరుగు చేపలనియు మంచినీటి చేపలనియు విభాగము చేసి, ముప్పదికి పైగా జాతులను పేర్కొని, వానిని మరగించుటకు నువ్వులపిండి ముద్దలను, సెనగపిండి కలిపిన యన్నమును, మాంసఖండములను అతడు చెప్పియున్నాడు. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధిపతియై యుండిన సుందర్‌లాల్ హోరా 1951లో ఈ ప్రకరణమును ఆధునిక మత్స్యశాస్త్రదృష్టితో పరిశీలించి యొక వ్యాసము ప్రకటించిరి. అంతఃపురమున వంటవాండ్రు లెక్కకు మించి యుండగా సోమేశ్వరుడు పిండి తానే కలిపెనో లేదో మనకక్కరలేదు. చేపకు పెట్టు ముద్దను గూర్చి వ్రాయుట రాజకలమునకు చిన్నతనమని యతడు తలపలేదు, అదియే చాలును.

ఇక చేప యెరను కనుగొను విధమును తెలిసికొన్నగాని యెర చేయు విధము బోధపడదు. చేపకు ముక్కు కలదు గాని దానితో నది ఊపిరి పీల్చదు. కన్నులకు ముందున్న సన్నని రంధ్రములలో నొకదాని నుండి ప్రవేశించిన నీరు, లోపల ముడుతలు పడియున్న సున్నితమైన పొరను తాకి, వేరొక రంధ్రము నుండి వెలికి పోవును. నీటిలో కరగిన పదార్థము మాత్రమే ఆ పొరకు తెలియును. సుగంధతైలములను నమ్మువారు పొరబడునది యిచ్చటనే. నూనె నీట కరగదు. ఎర నుండి విడిపోయి పైకి తేలి, అలలమీద తెట్టెగా పరచుకొనును. అడుగున బురదను రోయుచు మేయు గొరకకు ఆ తెట్టెవలన తెలియునది స్వల్పము. కరగి దూరము ప్రయాణించునవి గ్లైసీన్, ఎలనిన్ మొదలగు ఎమినో ఆమ్లములును, వాని బంధువగు బీటైనును. రొయ్యలు, పీతలు, ఇసుకలో బొరియలు చేసికొను పురుగులు తమ చుట్టునున్న ఉప్పునీరు తమ కణములలోని నీటిని లాగివేయకుండుటకై, ఈ పదార్థములనే కణములలో దండిగా నింపుకొని సమతూకము నిలుపుకొనును. రొయ్యమాంసము మన నాలుకకు తియ్యగా తోచుటకును గ్లైసీనే ముఖ్యకారణము. మనము నమలినగాని తెలియని యా రుచి చేపకు బారెడు దూరముననే వాసనగా నందుచున్నది. ఈ కారణముచేతనే, అంతగా ఉప్పు లేని చెరువులలో పెంచిన వనామి రొయ్య చూపునకెంత పుష్టిగా నున్నను, సముద్రపు వలలో పడిన చిన్నరొయ్యకు ఎరగా సాటిరాదు. పెంపకపు రొయ్య నాలుగు జిల్లాల నిండ వ్యాపించిన యీ కాలమున, ఎరకై బజారునకు పోవువాడు ముందుగా అడుగవలసిన ప్రశ్న ధర కాదు, అది యే నీట పెరిగినదని.

తీరమున గాలమునకు తగులు చేపలన్నియు నొక్క స్వభావము గలవి కావు. గొరకలును జెల్లలును అడుగున మేయును. జెల్లకు మీసములే నాలుకలు గనుక కటికచీకటిలోను, కలకబారిన నీటిలోను ఎరను తడవి పట్టుకొనగలదు. పారలు నడినీట మందలుగా తిరుగుచు చిన్నచేపలను తరుమును. పండుగప్ప మొగలలోని రాళ్ళచాటునను వంతెనకంబముల నీడలోను పొంచియుండి, ప్రాణమున్న దానిని మ్రింగుటకే యెక్కువ మక్కువ చూపును. బొంతలు, పాలబొంతలు మాంసము జోలికి పోవు. నాచును, బురదలోని సూక్ష్మపదార్థమును మేయు సాధువులవి. రొయ్యముక్క వీనిలో పెక్కింటికి నచ్చును. పారలకు కవళ్ళు, కనగుర్తలు మున్నగు నూనెచేపల పక్కముక్కలు మేలు. పీత గుల్ల విప్పిన మెత్తనికాలమున దొరకినచో దానిని మించిన యెర లేదు గాని, అట్టిది చేతికి చిక్కుట యదృష్టము.

విశాఖపట్టణపు చేపలరేవున తెల్లవారుజామున వేలముపాటలు జరుగునప్పుడే యెర సరకు కొనవలెను. కన్ను ఉబ్బి తేటగాను, మొప్ప ఎర్రగాను, పొట్ట బిగువుగాను ఉన్న దానిని చూచి కొని, మంచుగడ్డలమీద సంచిలో చుట్టి తేవలెనే గాని మంచుకరగిన నీటిలో తేలనీయరాదు. కొళాయినీట కడుగుట మరింత హాని. చప్పనినీరు మాంసములోనికి చొరబడి దానిని పొంగించి మెత్తపరచును, ఏ పదార్థములకై మనమా ముక్కను కొంటిమో వానినే కరగించి తూమున పారబోయును. కడుగవలసిన సముద్రపునీటనే కడుగవలెను.

తాజా యెర నిశ్చలమైన నీట దివ్యముగా పనిచేయును. అలలు ఎగిసిపడు చోట నది నిలువదు. గట్టిగా విసరినచో ముల్లునుండి విడివడి గాలిలోనే యెగిరిపోవును, నీటబడినదానిని చిన్నపీతలు నిమిషములలో ఊడ్చివేయును. అందులకే ఉప్పువేయుట యవసరమైనది. ఈ విద్యకు గురువులెవరో చెప్పనక్కరలేదు: జాలారి, వాడబలిజ స్త్రీలు తరతరములుగా చేయు ఎండుచేపల వృత్తిలో నిదంతయు నున్నది. ఎరకు తగినట్లు ఒకటి రెండు మార్పులు చేసికొనుట మాత్రమే మనవంతు. రొయ్య తల తీసివేయవలెను. తలలోని జీర్ణరసములు మాంసమును లోపలినుండి కరగించి పిండిచేయును గనుక తల యుంచి ఉప్పువేసిన రొయ్య మరునాటికి చేతిలో చితికిపోవును. తడి యద్ది, ఏటవాలుగా నుంచిన పాత్రలో ఒక వరుస ఉప్పు, ఒక వరుస రొయ్య, మీద మరల ఉప్పు, ఈ తీరున పేర్చవలెను. చేపముక్కలైనచో చర్మము తీయక, మూడుపాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు తూచి వేయుట రివాజు. నీడపట్టున గాని, శీతలపేటికలో గాని యొకరోజుంచినచో మాంసములోని నీరు ఊటగా దిగి పాత్రకొనకు చేరును. దానిని వంచివేసి, కొత్త ఉప్పు చల్లి, రెండవరోజును అట్లే యుంచవలెను. అప్పటికి ముక్క కుదించుకొని, కొంచెము పారదర్శకమై, వ్రేలితో నొక్కిన సాగి మరల యథాస్థితికి వచ్చును. అదియే పాకము. ఎండుచేపవలె దీనిని ఎండలో పెట్టరాదు. పెట్టినచో గట్టిపడుటయే గాక నూనెచేపలకు చేదువాసన పట్టును.

ఉప్పు విషయమున నొక సూక్ష్మము కలదు. సన్నని పొడియుప్పు చల్లినచో నది పైపొరను తటాలున గట్టిపరచును. ఆ గట్టిపొర అడ్డమై ఉప్పు లోనికి దిగదు, లోపలి నీరు వెలికి రాదు, పైకి బాగున్నట్లు కనబడు ముక్క నడుమ కుళ్ళును. కళ్ళుప్పు మెల్లగా కరగును, మెల్లగా దిగును. నౌపడలోను చిన్నగంజాములోను మళ్ళలో పండిన ముతక ఉప్పు కళ్ళు ఈ పనికి సరిపోవును. వెల యెక్కువగల శుద్ధి చేసిన యుప్పు ఇచ్చట వెల తక్కువదానికి లోకువ. అయితే ఉప్పెరకు లోపము లేకపోలేదు. ఊటతోపాటు వాసనద్రవ్యములును కొంత పోవుటచేత దాని పిలుపు తాజా యెర పిలుపంత దూరము వినబడదు. కావున నేర్పరులు ఉప్పుముక్కను లోపల గట్టిదనమునకును, దానిమీద పలుచని తాజా రొయ్యపొరను వాసనకును కూర్చి, రెండును కలిపి కట్టుదురు.

కట్టుటలోనే చేతి పనితనము బయటపడును. ముక్కను మొదట పొడవుగా, నొకకొన సన్నగిల్లునట్లు కోయవలెను. ఎగుడుదిగుడుగా కోసినది నీటిపాటున గిరగిర తిరిగి తంగూసును పురిపెట్టును. ముల్లుకాడ పొడవునా దానిని పరచి, సన్నని తెల్ల నూలుదారమును, పూలుకట్టు స్త్రీ చేతివేగముతో, క్రిందినుండి మీదికి, మీదినుండి క్రిందికి వాలుగా చుట్టుకొని పోయి, చివర రెండు ఉచ్చులు బిగించిన చాలును. ముల్లుమొన మాత్రము బయటనే యుండవలెను. మొన కనబడిన చేప భయపడునని దానిని మాంసములో పూడ్చువారు పెక్కుమంది. చేపకు ఇనుమును గూర్చిన జ్ఞానమేమియు లేదు, మొన పూడిన గాలమునకు మాత్రము పట్టు లేదు.

మాంసము ముట్టని బొంతలకు పిండియెర గతి. గోధుమపిండి, తవుడు, వేరుసెనగచెక్క పొడి కలిపి, ఎండురొయ్యల పొడి కొంచెము చేర్చి, సముద్రపునీటితో గట్టిగా పిసికి, చిన్న యుండలుగా చేసి ఆవిరిమీద కాసేపు ఉడికించినచో గోధుమలోని జిగురు బిగిసి యుండ నీట తొందరగా విడదు. అప్పటికిని విడుచున్నచో పిండిలో ఏకిన దూది పోగులు కలుపవలెను. ఈ యుపాయము కొత్తది కాదు. 1653లో ఇంగ్లండున ఐజాక్ వాల్టన్ తన మత్స్యవేటగ్రంథమున మంచినీటి చేపలకై చెప్పిన పిండిముద్దలలోను ఊలు, అవిసెనార వంటివి కలుపుట కలదు. జపానువారు తవుటిని మరింత చమత్కారముగా వాడిరి. కిషూ సీమనుండి వచ్చిన పద్ధతిలో, ఎర గ్రుచ్చిన గాలమునే తవుడు, ఇసుక కలిపిన ముద్దలో దాచి సముద్రములోనికి జారవిడుతురు. ముద్ద అడుగునకు చేరి విచ్చుకొనును, దాని పొడి నలుదెసల చేపలను రప్పించును, నడుమ ఎర బయల్పడును. మేత చల్లుటయు గాలమునకు ఎర పెట్టుటయు నను రెండు పనులు ఒక్క ముద్దలో ఇమిడిన యీ కల్పన నాకు తెలిసిన యెరలన్నిటిలో తెలివైనది. తవుటికి కొదువలేని మన గోదావరి మొగలలో దీనిని పరీక్షించుటకు అడ్డేమియు లేదు.

ప్రాణమున్న యెరను గూర్చి కొద్దిగా చెప్పి విడుతును. బ్రతికిన రొయ్యను తోకవైపు చివరి గణుపున గ్రుచ్చినచో చాలసేపు ఈదును. పండుగప్పకు దీనిని మించినది లేదు. అయితే పండుగప్ప మగదిగా మొదలై కొన్నేండ్లకు పెద్దదైన పిమ్మట ఆడదిగా మారు జాతి యగుటచేత, మిక్కిలి పెద్ద చేపలు ప్రాయికముగా గ్రుడ్లు పెట్టు తల్లులే. వినోదమునకు వేటాడువాడు అట్టిదానిని ఫోటో తీసికొని నీట విడిచినచో అతని సరదాకు లోటు రాదు.

ఇంత శ్రమ యేల, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు అంగడిలో దొరకుచుండగా, అని యడుగువారికి నేను చెప్పునదొకటి కలదు. కృత్రిమమైన యెర చేప కంటిని మోసగించును. నీరు తేటగా నుండి, వెలుతురుండి, చేప పరుగుమీదనున్నప్పుడు అది చక్కగా పనిచేయును. మన తూర్పుతీరపు మొగలలో వానకాలమున నీరు ఎర్రమట్టితో కలకబారి చెయ్యి కనబడదు. అప్పుడు పనికివచ్చునది వాసనయే. అదియుగాక, ఎర చేసికొనువానికి రేవున ఏ కాలమున ఏ చేప దిగుచున్నదో, పోటు ఎప్పుడు తీసి పాటు ఎప్పుడు మొదలగునో, పాటువెంట వాసన ఏ దిక్కునకు సాగునో తెలియక తప్పదు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవలకు వేటనిషేధ ముండుటచేత రేవున సరకు పలుచబడుననియు, దానికి ముందుగానే ఉప్పువేసి నిలువ చేసికొనవలెననియు అతడెరుగును. కొన్న ఎర వాడువానికి ఈ జ్ఞానము అంగడివాడు సీసాలో పోసి యీయడు.

నిలువ చేసిన యుప్పెరను పలుచని గుడ్డలో చుట్టి, బిగుతైన మూతగల డబ్బాలో అతిశీతలపేటికయం దుంచవచ్చును. ఉప్పు నిండియుండుటచేత నది రాయివలె గడ్డకట్టదు, కావలసినన్ని ముక్కలు తీసికొని తక్కినవి మరల మూయవచ్చును. పిండియుండలు మాత్రము రెండవనాటికే పులియును, వానిని నిలువచేయు యత్నము వృథా. ఇంటివారి సహనమునకు పరీక్ష ఈ డబ్బాతోనే ప్రారంభమగును గనుక, దానికి వేరొక మూల కేటాయించుట వివేకము. చేతుల నంటిన నీచువాసన సబ్బునకు లొంగదు. అది క్షారగుణము గల వాయుపదార్థమువలన పుట్టినది, కావున పులుపునకే లొంగును. నిమ్మచెక్కతో గాని, నానిన చింతపండుతో గాని రెండు చేతులు రుద్దికొని, పిమ్మట చన్నీట కడుగవలెను.