మెడా, రెక్కా, కందనకాయా

టర్కీ కోడి వండుకున్న ఇళ్లలో నేను తరచూ వినే మాట, "నమలలేక చచ్చాం." బీదర్‌లోనూ, అటు జహీరాబాద్ వైపు పల్లెల్లోనూ పెరట్లో టర్కీలు పెంచేవాళ్లు అక్కడక్కడ కనబడుతున్నారు. పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో ఒకటి కోస్తారు. బ్రాయిలర్ కూర వండినట్టే వండుతారు. ఉల్లిపాయ వేగగానే ముక్కలు వేయడం, అరగంటలో దించేయడం. ఆ తర్వాత పక్షిని తిట్టుకుంటారు. రొమ్ము ముక్కలకు మాత్రం గిరాకీ ఉంటుంది. మెడ, రెక్కలు, కాళ్లు, కందనకాయ, వీపు ఎముకలు మిగిలిపోతాయి. తక్కువ ధరకు ఇస్తారు, ఒక్కోసారి ఊరికే ఇస్తారు. నేను అడిగి మరీ తెచ్చుకునేవి అవే. మన వంటకు పనికొచ్చే టర్కీ అంతా ఆ మిగిలిన సంచిలోనే ఉందని నా గట్టి నమ్మకం.

బ్రాయిలర్ ఆరు వారాలకే దుకాణానికి చేరుతుంది. దాని కాళ్లు పెద్దగా నడిచి ఎరగవు. టర్కీ గుడ్డు పొదగడానికే 28 రోజులు పడుతుంది, కోడిగుడ్డు కంటే వారం ఎక్కువ. పిల్లలు కాస్త పెద్దవయ్యాక ఆరేడు నెలలు పెరట్లో, చేలగట్ల మీద తిరుగుతాయి. గడ్డి, ఆకులు, పురుగులు ఏరుకు తింటాయి. అంత తిరిగిన కాలికి కండ ముదురు రంగు తిరిగి గట్టిపడుతుంది. కండను ఎముకకు కట్టిపెట్టే పొరలు మందమవుతాయి. ఆ పొరల్లో ఉండే కొలాజెన్ 70 డిగ్రీల వేడి దాటి, తడిలో చాలాసేపు ఉడికితేనే కరుగుతుంది. కరిగి జిగురయ్యాక పులుసుకు వచ్చే చిక్కదనం జీడిపప్పు ముద్ద వేసినా రాదు. రొమ్ములో ఈ పొరలు తక్కువ కాబట్టి త్వరగా ఉడుకుతుంది, ఇంకాస్త ఉంచితే పీచులా ఎండిపోతుంది. ఒకే పక్షిలో రెండు రకాల మాంసం ఉన్నప్పుడు రెంటినీ ఒకే గిన్నెలో ఒకే సేపు వండితే ఏదో ఒకటి పాడవక తప్పదు.

ఈ సంగతి బీదర్ వంటిళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మా ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, ఆఫీసులో కన్నడ. 1956 దాకా జహీరాబాద్, నారాయణఖేడ్ కూడా బీదర్ జిల్లావే. రాష్ట్రాలు విడదీసినప్పుడు అవి మెదక్‌లోకి పోయాయి, మేం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. పొయ్యి మీది వంటలు మాత్రం రెండువైపులా అవే ఉండిపోయాయి. చలికాలం పొద్దున్నే పాయా, ఆదివారం తలకాయ కూర, బోటి, పెళ్లిళ్లలో ఎముకలేసిన దాల్చా. ఇవేవీ ఖరీదైన ముక్కలతో పుట్టిన వంటలు కావు.

పల్లెల్లో మేకను పోగులేసుకునే పద్ధతి చూసినవాళ్లకు నేను చెప్పేది ఇంకా బాగా అర్థమవుతుంది. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒక మేకను కొంటారు. కోశాక మోదుగాకులో, అరిటాకులో, గోనెపట్టాలో పరిచి పోగులు పెడతారు. ప్రతి పోగులోనూ తొడ ముక్క, పక్కటెముక, కార్జం, బోటి అన్నీ తలా కొంచెం పడాలి. ఒక పోగులో మంచి ముక్కలు ఎక్కువయ్యాయని ఎవరికైనా అనిపిస్తే అక్కడే సర్దుతారు. తలకాయ, కాళ్ల లెక్క వేరుగా తేలుతుంది. ఇందులో న్యాయం ఉంది, సరే. నాకు అంతకంటే విలువైనదిగా కనిపించేది, ఆ పోగు ప్రతి ఇంటికీ మేక మొత్తాన్ని వండడం నేర్పిన సంగతి. తొడ మాత్రమే వండగలం అనే ఇల్లు ఆ ఊళ్లో ఉండదు. దుకాణంలో నచ్చిన ముక్క కొట్టించుకునే వీలు వచ్చాక మన చేతికి తెలిసిన వంటల సంఖ్య తగ్గుతూ వచ్చింది. ఎముకల్లేని ముక్కలు అడిగేవాళ్లు పెరిగేకొద్దీ ఎముకతో వచ్చే రుచి తెలిసినవాళ్లు తగ్గారు. ఇది నన్ను నిజంగానే బాధపెడుతుంది.

అందుకే టర్కీ కోయించినప్పుడు మేం ఇరుగుపొరుగు కలిసి తీసుకుంటాం. పెంచే అతను నన్ను చూడగానే సంచి విడిగా కడతాడు. "అక్కా, రొమ్ము అందరు అడుగుతరు. మెడలు, కాళ్లు ఎవ్వరడగరు. నువ్వొస్తవని తీసిపెట్టిన." ఆ మాట వింటే ఆ పూట వంట అప్పుడే మొదలైనట్టు ఉంటుంది.

అన్నిటికంటే ముందు మెడ. టర్కీ మెడ పొడుగ్గా, నిండు కండతో ఉంటుంది. లోపలి గొట్టాలు పూర్తిగా తీశారో లేదో చూసుకుని, అడ్డంగా రెండేసి అంగుళాల ముక్కలు కొట్టించాలి. అడుగు మందం గిన్నెలో కాస్త నూనె వేసి ముక్కల్ని అన్ని వైపులా ఎర్రగా కానివ్వాలి. ఇక్కడ తొందరపడకూడదు, కూర రంగూ రుచీ సగం ఈ అడుగులోనే తయారవుతాయి. ముక్కలు తీసి అదే నూనెలో ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, పసుపు, కారం, ధనియాల పొడి వేయించాలి. దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, మిరియాలు, రాతిపువ్వు పల్చటి గుడ్డలో మూటకట్టి వేయాలి. దక్కనీ ఇళ్లలో పాయాకు వేసే పోట్లీ లాంటిదే ఇది. ముక్కలు మునిగేలా నీళ్లు పోసి, మరుగు రాగానే సెగ బాగా తగ్గించాలి. మామూలు గిన్నెలో రెండున్నర, మూడు గంటలు పడుతుంది. కుక్కరైతే మొదటి విజిల్ వచ్చాక సన్న సెగ మీద 40 నిమిషాలు చాలు. చెంచాతో నెట్టగానే కండ ఎముకను వదిలితే అయినట్టే. పోట్లీని గట్టిగా పిండి తీసేసి, నిమ్మకాయ పిండి, జొన్నరొట్టె తుంచి అందులో నాననిచ్చి తినాలి. ఎముకల సందుల్లో ఉన్నదాన్ని చేత్తో తీసుకోకుండా ఈ కూర తినలేరు. బల్ల మీద పద్ధతిగా కూర్చుని తినే కూర కాదిది, నేల మీద కంచం పెట్టుకుని తినేది.

ఈ మెడకు పాత కీర్తి ఒకటుంది. 1612లో మొఘల్ చక్రవర్తి జహంగీర్ కొలువుకు ఆయన అధికారి ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత ప్రాణుల్లో టర్కీ కూడా ఉంది. అమెరికా ఖండపు ఈ పక్షి పోర్చుగీసువాళ్ల ఓడల్లో గోవాకు చేరింది. దాని తలా మెడా రంగులు మారడం చూసి జహంగీర్ ఆశ్చర్యపోయి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు, ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. చక్రవర్తి బొమ్మ గీయించుకున్న మెడను మనం వద్దని పక్కన పెడుతున్నాం.

రెక్కలూ వీపు ఎముకలూ దాల్చాకు పోతాయి. శనగపప్పు నానబెట్టాలి. ఎముకల్ని ముందు ఒక గంట ఉడికించి ఆ నీళ్లలోనే పప్పు వేయాలి. పప్పు మెత్తబడ్డాక సొరకాయ పెద్ద ముక్కలు, చింతపండు పులుసు, చివర కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు. కందిపప్పు కలిపినా బాగుంటుంది, మా చేలల్లో పండేదే కదా. ఆరుగురికి సరిపడే గిన్నెలో మాంసం చూస్తే గుప్పెడే ఉంటుంది, రుచి మాత్రం గిన్నె నిండా ఉంటుంది.

కాలు వండేవాళ్లకు ఒక హెచ్చరిక. టర్కీ కాలి కింది భాగంలో నరాలు వయసుతో పాటు సున్నం పట్టి, కొబ్బరి ఈనెల్లా గట్టిపడతాయి. ఎంత ఉడికించినా అవి మెత్తబడవు. కాలిని కోయకుండా మొత్తంగా ఉడికించి, చల్లారాక ఒక్కొక్కటీ పట్టి లాగితే శుభ్రంగా వచ్చేస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఈ పని తప్పనిసరి. తర్వాత కండను చీల్చి, విడిగా మగ్గించిన పుంటికూరతో కలిపి, కాళ్లు ఉడికిన నీళ్లు కొంచెం పోసి దగ్గరపడేదాకా ఉంచాలి.

కందనకాయ బ్రాయిలర్ దానికి మూడు నాలుగింతలుంటుంది. లోపలి పసుపుపచ్చ పొర పూర్తిగా తీసి, ఉప్పూ పసుపూ వేసి మెత్తగా ఉడికించాకే సన్నగా తరిగి మిరియాలతో వేయించాలి. పచ్చిగా వేయిస్తే పళ్లకు పనే. కార్జం దీనికి పూర్తిగా ఎదురు. పెనం మీద కొద్ది నిమిషాలు, మధ్యలో పచ్చి పోగానే దించేయాలి.

డాలస్‌లో ఉండే మా అక్క కూతురు ఒక నవంబరులో ఫోన్ చేసింది. థాంక్స్‌గివింగ్ రోజులు. "పిన్నీ, ఇక్కడ టర్కీ మెడలూ రెక్కలూ చాలా చవగ్గా దొరుకుతాయి, ఏం చెయ్యాలో తెలీక ఎప్పుడూ కొనలేదు" అంది. "పాయా వచ్చు కదమ్మా నీకు, అదే చెయ్యి" అన్నాను. అక్కడి నల్లజాతి కుటుంబాలకు ఈ విద్య బాగా తెలుసు. పొగబెట్టిన టర్కీ మెడనో, రెక్కనో కొలార్డ్ ఆకుకూరలో వేసి గంటలకొద్దీ ఉడికిస్తారు. మన పుంటికూర మాంసం తిన్నవాళ్లకు ఆ గిన్నె ముందు కూర్చుంటే పరాయితనం అనిపించదు. మంచి ముక్క అందనివాళ్లే రెండు చోట్లా ఈ వంటను నిలబెట్టారు.

చవకైన ప్రతి ముక్కనూ మాత్రం నేను వెనకేసుకురాను. టర్కీ తోక అంతా కొవ్వే. అమెరికాలో కొనేవాళ్లు లేని ఆ తోకల్ని పసిఫిక్ దీవులకు ఓడల్లో పంపి అమ్మారు. జనం ఒళ్లు పెరిగి, జబ్బులు పెరిగి, సమోవా ప్రభుత్వం 2007లో వాటి దిగుమతిని నిషేధించింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాలంటే ఆ నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. తన వంటలో చోటున్న మెడను ఒక మనిషి ఇష్టపడి కొనుక్కోవడం వేరు, ఇంకొకరు వద్దన్న కొవ్వును పేద దేశం మీద కుమ్మరించడం వేరు. నేను తోకనూ, దాని మొదట్లో ఉండే నూనె గ్రంథినీ కోసి తీసేస్తాను.

మా ఊళ్లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పక్షుల పెంపకం గురించి రైతులకు చెప్పేవాళ్లు, ఎవరు చెప్పినా సరే, మేత, టీకాలు, బరువు దగ్గర ఆగకుండా కోయడం, వండడం కూడా చెబితే బాగుంటుంది. రొమ్ము ఒక్కటే అమ్ముడైతే రైతుకు పక్షి మొత్తం మీద గిట్టుబాటు కాదు. మెడలు ఒక సంచి, రెక్కలూ వీపూ ఒక సంచి, కందనకాయా గుండే ఒక సంచి కట్టి వేర్వేరు ధరలకు పెట్టాలి. ప్రతి సంచి మీదా ఎంతసేపు ఉడికించాలో తెలుగులో, కన్నడలో, ఉర్దూలో రాసి ఉండాలి. దాల్చా సంచి మీద ఏం రాయాలో నన్నడిగితే నేనే రాసిస్తాను.