పిల్లలున్న బల్ల దగ్గర సర్వర్

పిల్లలతో టిఫిన్‌కి వెళ్లినవాళ్లు హోటల్‌ని రుచిని బట్టే మెచ్చుకుంటారు గానీ, ఆ పూట సాఫీగా గడవడంలో వంటమాస్టర్ కంటే సర్వర్ పాలే ఎక్కువ. చేయి తిరిగిన సర్వర్ పనిని గమనించండి. నీళ్ల గ్లాసులు పిల్ల చేతికి అందని వైపు పెడతాడు. ఆర్డర్ పూర్తయ్యేదాకా ఆగకుండా ముందు ఇడ్లీ తెచ్చేస్తాడు. ఇడ్లీ సిద్ధంగా ఉంటుంది, దోసె ఇంకా పెనం మీద పడాలి. ఆకలి ఏడుపుగా మారేలోపే మెత్తటి ముక్క నోట్లో పడుతుంది. పిల్ల దోసెకి లోపల ఎర్రకారం పూయొద్దని పెనం వైపు కేకేస్తాడు. సాంబారు ఇడ్లీ మీద పోయకుండా విడిగా గిన్నెలో, అదీ పెద్దవాళ్ల పక్క నుంచి అందిస్తాడు. అడక్కముందే ఖాళీ ప్లేటు వస్తుంది. పాలు వేడిగా ఉంటే ఇంకో గ్లాసు తెచ్చి, ఎత్తు నుంచి తిరగబోసి చల్లారుస్తాడు.

ఇదంతా బల్ల త్వరగా ఖాళీ చేయించే ఎత్తేనని ఎవరైనా అనొచ్చు. కొంత నిజమే, ఆదివారం పొద్దున కుర్చీ వెనకే జనం నిలబడతారు. కానీ తొందరపడే ప్రతివాడికీ ఈ వరస తెలియదు, తెలియనివాడి బల్ల దగ్గరే ఆలస్యం ఎక్కువ. పెద్ద రెస్టారెంట్లలో ఎత్తు కుర్చీలు, రంగు పెన్సిళ్లు, పిల్లల మెనూ ఉంటాయి కదా అంటే, ఉండాల్సినవే. అయితే ఏది ముందు తేవాలో కుర్చీకి తెలియదు. పిల్ల చట్నీ ఒలకబోస్తే తల్లి మొహం చూడకుండా తుడిచేసి వెళ్లిపోవడమూ దానికి రాదు. సర్వర్ అలా తుడిచేస్తేనే ఆ తల్లి సంజాయిషీలు మానేసి తన దోసె వేడిగా ఉండగానే తింటుంది.