పాత రిజిస్టరు మూసే రోజు

మాహూర్ కొండ మీద రేణుకాదేవి దర్శనానికి వెళ్లే తెలుగువాళ్లకు అది ఇప్పుడు మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా. కానీ ఆ ఊరున్న కిన్వట్ తాలూకా 1956 అక్టోబరు 31 దాకా ఆదిలాబాద్ జిల్లాలోది. మర్నాడు రాష్ట్రాల పునర్విభజన చట్టం దాన్ని రాజురా తాలూకాతో పాటు బొంబాయి రాష్ట్రంలో కలిపింది. ఒక తేదీ పెట్టారు. ఆ రోజు నుంచి మాహూర్ రైతు శిస్తు లెక్కకు ఆదిలాబాద్‌తో పని లేదు.

డేటాబేస్‌ను పాత సర్వరు నుంచి కొత్తదానికి మార్చే ఇంజినీర్లకూ అలాంటి తేదీ కావాలి. ముందు డేటా మొత్తం కాపీ చేస్తారు. ఈలోగా పాతదాంట్లో పడుతున్న మార్పులను సింక్ టాస్క్ ఒకటి ఎప్పటికప్పుడు కొత్తదానికి చేరవేస్తుంటుంది. వాడకందారులంతా కొత్తదానికి మారాక పని అయిపోయిందనుకుంటారు. ఆ టాస్క్ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

పాత సర్వరుకే రాస్తున్న ప్రోగ్రాం ఒక్కటి మిగిలినా చాలు, కొత్తదాంట్లో నిన్న సరిదిద్దిన వివరం మీద పాత వివరం వచ్చి కూర్చుంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మరో చిక్కుంది. టాస్క్ తీసేసినా, అది ఎంతవరకు చదివిందో సర్వరు గుర్తుంచుకునే రెప్లికేషన్ స్లాట్ మిగిలిపోతే, ఎవరో వచ్చి చదువుతారని సర్వరు మార్పుల లాగ్‌ను చెరపకుండా దాస్తూ పోతుంది. చివరికి డిస్కు నిండి సర్వరే ఆగిపోవచ్చు. 2020లో వచ్చిన 13వ వెర్షన్‌లో దీనికి హద్దు పెట్టే వీలు కల్పించారు. ఆ హద్దు దానంతట అది పడదు, ఎవరో ఒకరు పెట్టాలి.

అందుకే ఆపడానికి ఒక క్రమం ఉంది. మొదట పాతదాంట్లో రాతలు బంద్ చేయాలి. చివరి మార్పు కూడా అవతలికి చేరిందని చూడాలి. ఒక్కో టేబుల్‌లో వరుసలెన్నో, మొత్తాలెంతో రెండువైపులా పోల్చాలి. కొత్త వరుసలకు క్రమసంఖ్యలిచ్చే సీక్వెన్సుల నంబర్లను, ఇలా మార్పులను చేరవేసే లాజికల్ రెప్లికేషన్ మోసుకురాదు గనుక విడిగా సరిచేయాలి. టాస్క్ ఆపడం, స్లాట్ తీసేయడం ఆ తర్వాతి పని. పాత సర్వరును చదవడానికి మాత్రమే వీలుండేలా కొన్నాళ్లు ఉంచడం మంచిది.

రాతలు ఆపడమంటే జనానికి ఇబ్బందే. తెలంగాణలో 2020 సెప్టెంబరు 8న రిజిస్ట్రేషన్లు నిలిపేశారు. కొత్త భూరికార్డుల పోర్టల్ ధరణి అక్టోబరు 29న మొదలైంది, వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు నవంబరు 2న తిరిగి సాగాయి. అన్నాళ్లు ఆగడం కష్టమైనా, రెండుచోట్లా రాయనివ్వకపోవడం సరైన పనే. అయితే పాత రికార్డులోని తప్పు కూడా అంతే భద్రంగా కొత్తదాంట్లోకి వచ్చేస్తుంది. ధరణి మీద రైతులు పెట్టుకున్న అర్జీల్లో చాలావాటి మూలం అక్కడుంది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతికి ఆ బరువూ సంక్రమించింది.

అసలు ఆపకుండా వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే తెలంగాణ-మహారాష్ట్ర సరిహద్దులోని కెరమెరి మండలం వెళ్లాలి. మాహూర్‌ను మార్చిన చట్టమే రాజురానూ మార్చింది; ఆ సరిహద్దులోని పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ వంటి 12 గ్రామాలు మాత్రం రెండు రాష్ట్రాల రిజిస్టర్లలోనూ మిగిలాయి. రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు, ఇద్దరు సర్పంచులు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో వీళ్ల రెండు నియోజకవర్గాల్లో, మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు ఏప్రిల్ 19న, తెలంగాణలోని ఆదిలాబాద్‌కు మే 13న పోలింగ్ జరిగింది. ఇందులో ఊళ్లవాళ్ల తప్పేమీ లేదు. ఎప్పుడో ఒకనాడు వీటిలో ఒక రిజిస్టరు మూయక తప్పదు. ఏ ఇంటికి ఏ హక్కు ఒక్క రిజిస్టరులోనే నమోదై ఉందో ముందు గడపగడపకూ వెళ్లి సరిచూడాలి. కార్డు రద్దు చేసే ఉత్తర్వు ఆ తర్వాతే రావాలి.