‘ఆలి’తో ముగిసే వాక్యాలు

తెలుగులో ఆరోగ్య వంటల గురించి ఏ పుస్తకం తెరిచినా, ఏ ఉపన్యాసం విన్నా, ఏ ఆదివారం పేజీ చదివినా ఒక రకం వాక్యం తప్పకుండా ఎదురవుతుంది. కొర్రలు ముందురోజు రాత్రే నానబెట్టాలి. జొన్నపిండి వేడినీళ్లతో కలపాలి. కూరలు ఎప్పటికప్పుడు తరిగి వండాలి. నూనె తగ్గించాలి. అన్నీ ‘ఆలి’తో ముగుస్తాయి. ఎవరు నానబెట్టాలి, ఎవరు తరగాలి అన్నది ఎక్కడా ఉండదు. తెలుగు వాక్యం కర్త లేకుండా కూడా నడుస్తుంది కాబట్టి చదివేవాళ్లకు ఏ లోటూ కనపడదు. క్రియ చివరి ఈ ‘ఆలి’కీ, భార్య అనే అర్థమున్న ‘ఆలి’కీ వ్యుత్పత్తిలో ఏ చుట్టరికమూ లేదు. అయినా ఈ వాక్యాల్లో తప్పిపోయిన కర్త కోసం వెతుక్కుంటూ వెళితే చాలా ఇళ్లల్లో దొరికేది ఆవిడే.

కథల్నీ, కవితల్నీ, నవలల్నీ స్త్రీవాద దృష్టితో చదవడం మనకి అలవాటే. కానీ మన ఇళ్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా చదివేదీ, వినేదీ, వెంటనే ఆచరణలో పెట్టేదీ అయిన వంటల రచనని మాత్రం విమర్శకి తగిన విషయంగా మనం పెద్దగా చూడలేదు. అందుకే ఇక్కడ ఆరోగ్య వంటల వచనాన్ని ఒక సాహిత్య ప్రక్రియగా చదవాలనుకుంటున్నాను. అది ఎవరితో మాట్లాడుతోంది? ఎవరి గురించి మాట్లాడకుండా ఉంటోంది?

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. తిండి మార్చుకోవాలన్న మాటతో నాకు పేచీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశంలోని మొత్తం వ్యాధుల భారంలో 56.4 శాతానికి సరైన ఆహారం లేకపోవడమే కారణమన్న అంచనాని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో పేర్కొంది. తెల్లగా పట్టించిన బియ్యమే పళ్లెం నిండా ఉండి, పప్పూ కూరా ఓ పక్కన ఆనవాలుకి మాత్రం ఉండే భోజనం మారవలసిందే. నా ప్రశ్నల్లా ఆ మార్పుని చెప్పే భాష గురించే.

వంటల రచన మొదటినుంచీ ఇలాగే లేదు. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ తెలుగునాట ఎన్ని ముద్రణలు పొందిందో, ఎంతమంది కొత్త కాపురాలకి వెళ్లే అమ్మాయిల పెట్టెల్లోకి చేరిందో మనకి తెలుసు. అదే రచయిత్రి ‘ప్రమదావనం’ శీర్షికలో దశాబ్దాలపాటు స్త్రీల ప్రశ్నలకి జవాబులిచ్చారు. ఆ తరం వంటల పుస్తకం వంట ఆడదాని పని అనే నమ్మింది, అందులో సందేహం లేదు. అయితే తన పాఠకురాలు ఎవరో దానికి తెలుసు. పొయ్యి దగ్గర నిలబడిన మనిషితో నేరుగా మాట్లాడింది. ఆవిడకి రాని పని నేర్పింది.

ఇప్పటి ఆరోగ్య ఉపన్యాసం పొయ్యి దగ్గరున్న మనిషితో మాట్లాడదు, పళ్లెం ముందున్న మనిషితో మాట్లాడుతుంది. “మీరు రాత్రిపూట అన్నం మానేయండి, రెండు జొన్నరొట్టెలు తినండి.” ఇక్కడ కర్త ఉన్నాడు. “మీరు” అని గౌరవంగా ఉన్నాడు. తరవాతి వాక్యానికి వచ్చేసరికి “పిండి ఎప్పటికప్పుడు పట్టించాలి, రొట్టె వేడివేడిగా చేయాలి”. మీరు మాయమయ్యారు. తినేటప్పుడు కర్త, చేసేటప్పుడు శూన్యం. ఒకే పేరాలో, రెండు వాక్యాల మధ్యలో ఇంటిపని విభజన మొత్తం జరిగిపోతుంది. ఎవరూ ఎవరినీ ఆజ్ఞాపించినట్టు ఉండదు.

దీనికి తోడు ఇంకొక క్రియ ఉంది. “వండుకోండి”, “చేసుకోండి”, “రుబ్బుకోండి” అంటారు. తెలుగులో ‘కొను’ చేరితే ఆ పని తనకోసం తాను చేసేది. మరొకరికోసం చేసేదానికి మనకి ‘పెట్టు’ ఉంది. వండిపెట్టడం, చేసిపెట్టడం, కాచిపెట్టడం. వండుకోవడానికీ వండిపెట్టడానికీ మధ్య ఉన్న తేడా తెలియని తెలుగు ఆడది ఉండదు. ఆరోగ్య వంటల వచనం నిండా ‘కొను’ ఉంటుంది, ఇళ్లల్లో జరిగేదంతా ‘పెట్టు’. ఒకరు వండిపెడితే మరొకరు తినడాన్ని ఆ మరొకరి క్రమశిక్షణగా, సంకల్పబలంగా చెప్పుకునే వీలు ఈ ‘కొను’ వల్లే కలుగుతోంది. “ఆయన ఆరు నెలల్లో పద్ధతిగా తిని షుగరు అదుపులోకి తెచ్చుకున్నారు” అంటాం. నిజమే, తెచ్చుకున్నారు. ఆ ఆరు నెలలూ రోజూ సాయంత్రం రొట్టెల పీట ముందు కూర్చున్నది ఎవరు?

ఇది మాటల తగువు కాదు. పనిలో ఉన్న తేడా చూడండి. బియ్యం కడిగి కుక్కర్లో పెట్టి మూత బిగిస్తే మనిషి అక్కడ ఉండనక్కరలేదు. పిల్లల హోంవర్కు చూసుకోవచ్చు, ఒక పేజీ చదువుకోవచ్చు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే మర్దించి, అంచులు విరగకుండా ఒక్కొక్క రొట్టే తట్టి, పెనం మీద వేసి, నీళ్లు రాసి, తిప్పి కాల్చాలి. చపాతీపిండిలా పొద్దున కలిపి సాయంత్రానికి వాడుకోలేం. మెత్తటి రొట్టె కావాలంటే తినేవాళ్లు కూర్చున్నాకే చేయాలి, అంటే చేసే మనిషి వాళ్లతో కలిసి కూర్చుని తినలేదు. రాగిసంగటి తెడ్డుతో ఉండ కట్టకుండా గెలకడానికి భుజబలం కావాలి. కొర్ర, సామ, అరిక, ఊదల పైపొట్టు జొన్నకీ రాగికీ ఉన్నట్టు ఉండదు. గట్టిగా అంటుకుని ఉంటుంది. ఆ పొట్టు తీసే యంత్రాలు ఊళ్లల్లోకి రాకముందు అదంతా రోలూ రోకలీ తిరగలీ, వాటి ముందున్న ఆడవాళ్ల రెక్కలూ చేసిన పని.

అందుకే “మా అమ్మమ్మలు ఇవే తిని నూరేళ్లు బతికారు” అన్న వాక్యం విన్నప్పుడల్లా నాకు ఆ అమ్మమ్మల అరచేతులు గుర్తొస్తాయి. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చినప్పుడు మెట్టప్రాంతాల్లో, తెలంగాణలో, రాయలసీమలో జొన్నా, సజ్జా, కొర్రా వెనక్కి పోవడం మరింత వేగం పుంజుకుంది. దానికి చవకబియ్యమూ, పండగపూట మాత్రమే దొరికే వరన్నం రోజూ దొరకడంలో ఉన్న గౌరవమూ కారణాలని చెబుతారు. మూడో కారణం తక్కువగా చెబుతారు. బియ్యం ఆడవాళ్లకి దంచే పనీ, విసిరే పనీ తగ్గించింది. కూలికి పోయి పొద్దుగూకి ఇంటికొచ్చిన మనిషికి అది చిన్న విషయం కాదు. బియ్యాన్ని పాలిపోయిన తిండిగా, మోసపోయిన తిండిగా మాత్రమే చెప్పే చరిత్ర ఆ మనిషికి దొరికిన గంట విశ్రాంతిని లెక్కలోకి తీసుకోదు.

ఇప్పుడు ఆ గంటని తిరిగి అడుగుతున్నారు. 2019 కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసినవాళ్లలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించినట్టు తేలింది. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లే పురుషుల్లో దాదాపు నాలుగో వంతు, స్త్రీలలో ఐదింట నాలుగు వంతులు. ఆరోగ్యం పేరిట పెరిగే పనంతా ఆ 299 మీదే పడుతుంది. మా స్టాఫ్ రూములో మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు ఈ లెక్క కళ్లకి కడుతుంది. భర్తకి షుగరొస్తే ఆయనకి కొర్రన్నం, అత్తగారికి మెత్తటి అన్నం, పిల్లలకి వాళ్లు తినేదేదో. ఆ మూడూ చేసొచ్చిన సహోద్యోగి డబ్బాలో మాత్రం నిన్నటి అన్నంతో చేసిన పులిహోర. ఆవిడకీ షుగరుంది. “నా ఒక్కదానికోసం మళ్లీ ఏం చేసుకుంటాను?” అంటుంది. చూశారా, ఆవిడకి ‘కొను’ నోటికొచ్చింది ప్రశ్నగానే. వంటింట్లో ఉన్న మనిషి తనకోసం తాను వండుకోలేకపోవడం ఆరోగ్య సమస్యే. కానీ ఏ ఆరోగ్య పుస్తకమూ దానికి ఒక అధ్యాయం కేటాయించదు.

“వంటిల్లే వైద్యశాల” అనే మాట ఇప్పుడు చాలా చోట్ల వినిపిస్తోంది. విమల ‘వంటిల్లు’ కవిత వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. స్త్రీ జీవితం మొత్తాన్ని మింగేసే చోటుగా వంటింటిని చూపించి, దాన్ని కూలదోయడం గురించి మాట్లాడే ధైర్యం ఆ కవిత ఇచ్చింది. ఆ తరవాత చాలామంది ఆడవాళ్లకి తాము వండకపోవడం, తక్కువ వండటం, బయటినుంచి తెప్పించుకోవడం తప్పుగా అనిపించడం తగ్గింది. వైద్యశాల రూపకం ఆ తప్పుని మళ్లీ తెచ్చి ముందు పెడుతోంది. ఇదివరకు వండకపోతే ఇల్లాలి ధర్మం తప్పినట్టు, ఇప్పుడు వండకపోతే ఇంట్లోవాళ్ల ప్రాణాల మీదికి తెచ్చినట్టు. వైద్యశాలే అయితే నర్సుకి డ్యూటీ వేళలుండాలి కదా, జీతముండాలి కదా, సెలవుండాలి కదా అని ఎవరూ అడగరు.

వంటిల్లు ఆడవాళ్లందరికీ ఒకటి కాదన్న దళిత స్త్రీవాద విమర్శనీ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. జొన్నరొట్టె, తైదంబలి, సజ్జసంకటి నిన్నమొన్నటిదాకా పేదతిండి, తక్కువ కులాల తిండి అని చిన్నచూపు చూసిన పదార్థాలు. చిరుధాన్యాలకి కన్నడంనుంచి వచ్చిన ‘సిరిధాన్యాలు’ అన్న పేరు తెలుగులోనూ స్థిరపడింది. ఒక్క అక్షరం మారేసరికి అవి అందమైన పొట్లాల్లో, సన్నబియ్యం కన్నా ఎక్కువ ధరకి షాపుల్లో కూర్చున్నాయి. వాటిని కాపాడిన వాళ్ల పేర్లు ఆ పొట్లాల మీద ఉండవు. ఇది కూడా కర్త లేని వాక్యమే.

కర్త ఉన్న వాక్యం ఎలా ఉంటుందో చూడాలంటే జహీరాబాదు ప్రాంతానికి వెళ్లాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన అక్కడి సంఘాల స్త్రీలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, తిండి మార్పుని వంటింటినుంచి మొదలుపెట్టలేదు. బీడుపడ్డ భూమిని సాగులోకి తెచ్చారు. విత్తనం దాచారు. 1990ల నడుమ తమ ఊళ్లల్లో పండిన జొన్నల్ని తామే నిల్వచేసి, ఎవరు ఎక్కువ పేదవాళ్లో ఊరంతా కూర్చుని తేల్చి, తక్కువ ధరకి పంచారు. ఏటా పాతపంటల జాతర జరిపారు. 2008లో సొంత రేడియో పెట్టుకుని తమ మాటల్లో చెప్పారు. అక్కడ “మేం విత్తినం, మేం దాచినం” అని మొదలయ్యాకే తిండి సంగతి వస్తుంది. తిండి అంటే భూమి, విత్తనం, కూలి, ధర, ఆ తరవాతే వంట అన్న క్రమం ఆ మాటల్లో ఉంది. మన ఆరోగ్య సాహిత్యం ఆ క్రమంలో ఆఖరి మెట్టుని ఒక్కదాన్నీ తీసుకుని దాని బరువంతా ఒక మనిషి మీద పెట్టింది.

ఇల్లు దాటినా కర్తకి ఇదే గతి. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. పిల్లలకి మంచిదే. తెల్లబియ్యంలో నామమాత్రంగా ఉండే కాల్షియం రాగుల్లో 100 గ్రాములకి 300 మిల్లీగ్రాములు దాటుతుంది. కానీ బడి మొదలయ్యే వేళకి జావ కాచేదెవరు? వంట చేసే స్త్రీలకి ఇచ్చే మొత్తాన్ని ‘గౌరవ వేతనం’ అంటారు, 2019లో అది నెలకి 1000 నుంచి 3000 రూపాయలైంది. 2024లో ఆ పథకానికి అన్నదాతగా పేరుపొందిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. వండిపెట్టిన స్త్రీని స్మరించడం మనకి తేలిక, వండిపెడుతున్న స్త్రీకి జీతమివ్వడమే కష్టం.

అయితే ఏం చేద్దామంటారు, మళ్లీ తెల్లన్నమే తిందామా అని అడగొచ్చు. అక్కర్లేదు. ఆరోగ్య వంటల గురించి రాసేవాళ్లని, మాట్లాడేవాళ్లని మనం కొన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెడదాం. ఈ వంటకి పట్టే సమయం రాశారు, అది ఎవరి సమయం? “మీరు తినండి” అన్న చోటే “మీరు రొట్టె తట్టడం నేర్చుకోండి” అని ఎందుకు రాయలేదు? షుగరొచ్చిన మగవాడికి మందుచీటీతోపాటు పెనం ముందు నిలబడటం కూడా చికిత్సలో భాగమని డాక్టరు ఎందుకు చెప్పరు? పాఠాలు చెప్పే మనం తరగతిలో ఒక కవితతోపాటు ఒక వంటవిధానాన్ని కూడా పెట్టి, ప్రతి ‘ఆలి’ ముందూ ఒక కర్తని చేర్చి తిరగరాయమని విద్యార్థుల్ని అడగొచ్చు. నేను ఒక ఏడాదిగా అడుగుతున్నాను. ఆడపిల్లలు చాలామంది తడుముకోకుండా “అమ్మ” అని రాస్తున్నారు. మగపిల్లలు ఎక్కువమంది ఆ ఖాళీ దగ్గర ఆగి, “ఇక్కడ ఎవరూ లేరు కదా మేడమ్” అంటున్నారు.