రంగు మార్చని జావా

ఈ జావా బండికి ఇంతవరకు రెండో రంగు పడలేదు. మైసూరు ఫ్యాక్టరీలో వేసిన మెరూన్ రంగే ఇవాళ్టికీ ఉంది. ఎండకు వెలిసింది, తొడల రాపిడికి ట్యాంకు వెనక అంచున పలచబడింది, వెనక మడ్‌గార్డు మీద రెండు మూడు చోట్ల రాలిపోయి కింది పొర కనిపిస్తోంది. అయినా ఆ రంగు మీద ఇంకెవరూ బ్రష్షు పెట్టలేదు, స్ప్రేగన్ పట్టలేదు. బోధన్ దగ్గర ఎడపల్లి మండలంలో ఒక చెరకు రైతు ఇంటి వసారాలో ఉంది ఈ 1960ల చివరినాటి 250 సీసీ బండి. పాత బండ్లను ఇష్టపడేవాళ్లు ఒక పూట కేటాయించి చూడదగినది.

నిజామాబాద్ మెకానిక్ షెడ్లలో ఈమధ్య పాత జావాలు, యెజ్దీలు మళ్లీ కనిపిస్తున్నాయి. వాటిలో ఎక్కువ వాటికి కొత్త రంగు, కొత్త క్రోమ్, కొత్త సీటు ఉంటాయి. అవి అందంగానే ఉంటాయి. కాని ఆ అందం వాటిని బాగుచేసిన మెకానిక్‌ది, పెయింటర్‌ది. చెయ్యి పడని బండిలో కనిపించేది మొదట దాన్ని తయారుచేసిన వాళ్ల పనితనం. నేను ఈ బండిలో వెతికింది ఆ పనితనాన్నే.

జావా చెకోస్లొవేకియా కంపెనీ. 1929లో ప్రాగ్‌లో పుట్టింది. ఇరానీ అనే ఇంటిపేరున్న ఒక కుటుంబం బొంబాయిలో ఆ బండ్లు దిగుమతి చేసి అమ్మేది. దిగుమతులకు దారులు మూసుకుపోయాక వాళ్లు మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టారు. 1961లో బండ్లు బయటికి రావడం మొదలైంది. 1973లో పేరు యెజ్దీగా మారింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అంటే ట్యాంకు మీద జావా అనే పేరుతో మైసూరు నుంచి బండ్లు వచ్చింది సుమారు పన్నెండేళ్లు మాత్రమే. ఆ పన్నెండేళ్లలో వచ్చినవాటిలో ఫ్యాక్టరీ రంగుతోనే మిగిలినవి ఇప్పుడు చాలా అరుదు.

చూడటం ట్యాంకుతో మొదలుపెట్టాలి. రెండు పక్కలా క్రోమ్, పైన మెరూన్, రెండూ కలిసే చోట సన్నటి బంగారు గీత. బండి మొత్తం మీద నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఈ గీతే. స్టిక్కరు గీతకు మొదటినుంచి చివరివరకు ఒకే వెడల్పు ఉంటుంది, అంచులు కత్తితో కోసినట్టుంటాయి. ఇది అలా లేదు. బ్రష్షు ఆనిన చోట కొంచెం నిండుగా ఉంది. వంపు తిరిగే దగ్గర వెంట్రుకవాసి సన్నబడి మళ్లీ సర్దుకుంది. గీత చివర మొదలును కలిసే చోట ఒక పొర మీద ఇంకో పొర పడిన జాడ వేలి కొసకు తగులుతుంది. అంత పెద్ద వంపును ఒకే ఊపులో, చెయ్యి ఎత్తకుండా లాగిన మనిషికి బ్రష్షులో ఎంత రంగు ముంచితే ఎంత దూరం వస్తుందో ముందే తెలిసి ఉండాలి. చెన్నైలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్యాంకుల మీద చేత్తో గీతలు గీసే పని చాలామందికి తెలుసు. మైసూరు చేతుల గురించి అంతగా ఎవరూ చెప్పుకోలేదు. ఈ ట్యాంకు చూస్తే చెప్పుకోవాలనిపిస్తుంది.

ట్యాంకు రెండు పక్కలా మోకాళ్లకు రబ్బరు ప్యాడ్లు ఉన్నాయి. ప్యాడ్ అంచు కాస్త ఎత్తి చూస్తే ఎండ తగలని చోటు కనిపిస్తుంది. పైన ఇటుకరంగులోకి దిగిన మెరూన్, అక్కడ నేరేడుపండంత చిక్కగా ఉంది. జావాకు అసలు రంగు ఏదని షెడ్లలో ఎప్పుడూ వాదన నడుస్తూనే ఉంటుంది. ఒకరు ఎరుపంటారు, ఒకరు వంకాయరంగు అంటారు. ఆ వాదనకు జవాబు ఈ ప్యాడ్ కింద బెత్తెడు మేర ఉంది. ఎక్కడైనా ఇలాంటి బండి ఒకటి మిగిలితే, మిగతా బండ్లకు సరైన రంగు కలుపుకోవచ్చు.

హెడ్‌లైటు డూమ్ దగ్గర పనితనం వేరే రకంగా కనిపిస్తుంది. లైటు ఒకచోట, మీటరు ఒకచోట, తాళం ఇంకోచోట బిగించకుండా అన్నిటినీ ఒకే రేకు డూమ్‌లో ఇమిడ్చి, ఆ డూమ్‌ను ముందు ఫోర్కుల్లోకి కలిపేశారు. బయటికి తీగలు వేలాడవు. తాళంచెవి పళ్లు లేని మేకులా ఉంటుంది. డూమ్ మీది స్విచ్చులో పైనుంచి నొక్కాలి. ఒక జావా చెవి ఇంకో జావాకూ పడుతుంది కాబట్టి ఇది దొంగలను ఆపేది కాదు. కాని చీకట్లో, చేతికి మట్టి ఉన్నా, తడుముకుని పెట్టేయొచ్చు. స్విచ్చు చుట్టూ డూమ్ రంగు అరిగి ఇనుము నునుపుగా మెరుస్తోంది. ఎన్ని తెల్లవారుజాములు ఈ బండి పొలానికి బయల్దేరిందో అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు ఎడమ పక్కకు రావాలి. కిక్కు కొట్టేదీ గేరు మార్చేదీ ఒకటే రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. బండి స్టార్టయ్యాక ముందుకు వాల్చితే గేరు. ఇంకో సంగతి, కాలితో ఆ రాడ్డును కదిపినప్పుడు లోపల ఉన్న అమరిక క్లచ్‌ను తనంతట తానే విడిపిస్తుంది. అందుకే నడుస్తున్న జావాకు చేత్తో క్లచ్ పట్టకుండా గేరు మార్చేవాళ్లను ఈ ఊళ్లలో చాలామంది చూసే ఉంటారు. రెండు పనులకు రెండు రాడ్లు, రెండు రంధ్రాలు, రెండు ఆయిల్ సీళ్లు పెట్టే బదులు ఒక్కదానితో సరిపెట్టారు. ఆయిల్ కారే చోటు ఒకటి తగ్గింది. ఈ బండి రాడ్డు రబ్బరు ఒక పక్కనే అరిగింది, అదీ గేరు వేసే వైపు. అందుకే ఇది మొదట వచ్చిన రబ్బరేనని నమ్మబుద్ధేస్తుంది.

ఇంజను కవర్లు కోడిగుడ్డు ఆకారంలో పోతపోసిన అల్యూమినియం. వాటిని బిగించిన స్క్రూల తలలు చూడాలి. బండికి ఎంతమంది చెయ్యి తగిలిందో చెప్పేది అవే. సరిపోని స్క్రూడ్రైవరు వాడినా, ఉలి పెట్టి సుత్తితో కొట్టి విప్పినా గాడి అంచులు విరిగిపోతాయి. తర్వాత వాటి స్థానంలో ఎల్-కీ బోల్టులు వస్తాయి. ఇక్కడ పాత గాడి స్క్రూలే ఉన్నాయి, ఒక్క దాని గాడి మాత్రమే కొంచెం చెదిరింది. ఇంజను విప్పిన ప్రతిసారీ సరైన పనిముట్టు వాడిన మెకానిక్‌కు కూడా ఈ పనితనంలో వాటా ఉంది.

ఒక్క సిలిండరుకు రెండు పొగగొట్టాలు, రెండు సైలెన్సర్లు ఉండటం జావా ప్రత్యేకత. సిలిండరులోనే రెండు ఎగ్జాస్టు దారులు ఉంటాయి. గొట్టాలు ఇంజనును విడిచి వంగే చోట వేడికి క్రోమ్ నీలి, పసుపు రంగుల్లోకి తిరిగింది. సైలెన్సరు కింది భాగంలో క్రోమ్ అరిగి దాని కిందున్న నికెల్ లేతపసుపుగా తొంగిచూస్తోంది. మళ్లీ క్రోమ్ వేయించిన భాగాన్ని ఇట్టే పట్టుకోవచ్చు. కొత్త పూతకు ముందు బఫింగ్ పడతారు కాబట్టి పదునైన అంచులు గుండ్రబడతాయి, కొట్టిన అక్షరాలు మసకబారతాయి. ఈ సైలెన్సర్ల అతుకుల అంచులు ఇంకా వేలికి గీసుకునేంత పదునుగా ఉన్నాయి.

నల్లరేగడి నేలలో తిరిగే బండికి అన్నిటికన్నా పెద్ద శత్రువు చైన్‌కు పట్టే బురద. జావా చైన్ బయటికి కనిపించదు. వెనక చక్రం దగ్గర రెండు ముక్కల రేకు పెట్టె, అక్కడినుంచి ఇంజను వరకు చైన్ పైవరసకూ కింది వరసకూ విడివిడిగా రబ్బరు తొడుగులు. చెరకు తోటల మధ్య బండ్ల బాటల్లో, కాలువ గట్ల మీద ఇన్నేళ్లు తిరిగినా లోపల గ్రీజు గ్రీజులాగే ఉండటానికి కారణం ఇదే. ఇప్పటి బండ్లలో చాలావాటికి ఈ పెట్టె లేదు.

సైడు డబ్బా మూత తెరిస్తే లోపలి గోడ మీద ఒక రంగు చుక్క జారి, మధ్యలో ఆగి, అలాగే గట్టిపడిపోయింది. మూలల్లో రంగు పలచగా ఉండి ప్రైమర్ కనిపిస్తోంది. ఎవరి కంటికీ పడని చోట ఫ్యాక్టరీ ఎంత రంగు వేయాలో అంతే వేసింది. రిస్టోర్ చేసిన బండిలో ఈ మూలలు కూడా అద్దంలా మెరుస్తాయి. ఏ ఫ్యాక్టరీ బండీ అలా రాలేదు. చాసిస్ నంబరు అంకెల్లో ఒకటి మిగతావాటికన్నా రవ్వంత కిందికి దిగి ఉంది. అచ్చు పెట్టి, సుత్తి ఎత్తి, ఒక్కో అంకె కొట్టిన మనిషి చెయ్యి అది. ఆ అంకెలు ఆర్‌సీతో సరిగ్గా సరిపోతున్నాయి.

అమెరికాలో 1964 నాటి పాంటియాక్ జీటీఓ లాంటి మజిల్ కార్లను ఇలాగే చూస్తారు. బోల్టు బిగింపు సరిచూశాక కార్మికుడు పెట్టిన రంగు చుక్క, ఇనుము మీద క్రేయాన్‌తో రాసిన గుర్తు, సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుపోయిన బిల్డ్‌షీటు కాగితం, ఇవన్నీ అక్కడ నిపుణులు టార్చిలైటు పట్టుకుని వెతికే వస్తువులు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య టురిన్ చార్టరు కూడా కొత్తగా చేయడం కన్నా ఉన్నదాన్ని కాపాడటానికే పెద్దపీట వేస్తుంది. మన దగ్గర అలాంటి నిపుణులూ పోటీలూ తక్కువ. కాని ఆ వివేకం ఈ ఇంట్లో చార్టరు అవసరం లేకుండానే ఉంది.

“మా నాయిన ఎన్నడూ రంగెయ్యనియ్యలే సార్,” అన్నాడు ఇంటాయన. “కడుగుడు, తుడుసుడు, గంతే. ఇప్పుడు మా పోరడు నల్లరంగు ఏస్తనంటుండు.”

“వద్దనండి. ఒక్కసారి గీకితే మళ్లీ రాదు,” అన్నాను.

ఇలాంటి బండి ఇంట్లో ఉన్నవాళ్లకు చెప్పాల్సింది కష్టమైనదేమీ కాదు. మెత్తటి సబ్బునీళ్లతో కడిగి, నూలుగుడ్డతో తుడిచి, వ్యాక్స్ పూయాలి. ఇసుకకాగితం దగ్గరికి రానీయకూడదు. రంగు పోయి తుప్పు మొదలైన చోట పలచగా నూనె రాస్తే అక్కడికి ఆగుతుంది. టైర్లు, బ్రేకు షూలు, కేబుళ్లు ప్రాణానికి సంబంధించినవి. వాటిని సందేహించకుండా మార్చాలి. మార్చి తీసిన పాత భాగాన్ని పారేయకుండా చీటీ కట్టి దాచాలి. ఏదైనా విప్పేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, వారానికోసారైనా బండిని నడపాలి. జావా నిలబెట్టి ఉంచితే చెడుతుంది, తిప్పితే బాగుంటుంది.

ఈ మాటలు బోధన్ ప్రాంతంలో చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడి శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. చెరకు రసం ఏ పాకానికి వస్తే పలుకు కడుతుందో చూపుతోనే చెప్పగలిగిన మనుషులు అక్కడ తరాల తరబడి పనిచేశారు. వాళ్ల పనితనం చక్కెరలోకి వెళ్లింది, చక్కెర తిన్నవాళ్లతో పోయింది. వాళ్ల నైపుణ్యాన్ని ఇవాళ పట్టి చూపించడానికి ఒక్క గింజ కూడా మిగల్లేదు. మైసూరు ఫ్యాక్టరీ కూడా మూతపడింది గాని అక్కడివాళ్ల చేతిపని ఇనుములో, రంగులో ఉండిపోయింది. ట్యాంకు మీద ఆ గీత గీసిన మనిషి పేరు ఏ కాగితంలోనూ మనకు దొరకదు. అతని పని మాత్రం ఉంది. దాని మీద ఇంకో రంగు పూయకుండా ఉండటమే మనం అతనికి ఇవ్వగలిగిన గౌరవం. అందుకు డబ్బు అక్కర్లేదు, నిగ్రహం ఉంటే చాలు.