భువన విజయంలో నవ్వు

ఉగాదికి విజయవాడ మొదలు అమెరికా తెలుగు సంఘాల వరకు భువన విజయం వేస్తారు. నేటి కవులే కిరీటాలూ పట్టు ఉత్తరీయాలూ ధరించి రాయలూ, పెద్దనా, రామకృష్ణుడూ అవుతారు. రాగయుక్తంగా పద్యం, కవుల సంభాషణ, మధ్యమధ్య హాస్యం: వినోదానికి లోటు లేదు. ఈ కాలంలో పద్యాన్ని నిండు సభకు వినిపించటం చిన్న పనీ కాదు. కాని ఇక్కడి పరిహాసం చాలావరకు తోటి కవుల మీద పడుతుందే గాని సింహాసనం మీద పడదు. (జానపదుల రామలింగడు రాయలనూ వదలలేదు!) పన్ను కట్టిన రైతుకు ఆ సభలో పాత్రే లేదు.

బుర్రకథ సంగతి వేరు. కథకునికి ఒక పక్క హాస్యపు వంత, మరో పక్క రాజకీయపు వంత. ఇద్దరూ కథకు అడ్డం వచ్చి ప్రశ్నిస్తారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆ ప్రశ్నకే పదును పెట్టింది. నాజర్ నోట బెంగాల్ కరువు కూడా బుర్రకథ అయింది.

రాబోయే ఉగాదికి భవానీపురంలో భువన విజయం వేసేవారు రాయల పక్కన ఒక వంతను నిలబెట్టి చూడాలి. ఇంటిపన్ను సంగతి అతను అడుగుతాడు.